వ్యాయామం మొదలెట్టాక నీరసమా? ఓర్చుకోకండి.. లెక్క చూసుకోండి

ఉదయం ఐదింటికి అలారం. కొత్త బూట్లు. కాలనీ పార్కులో ఆరు రౌండ్లు, ఆపైన జిమ్‌లో ముప్పావుగంట. మొదటి వారం హుషారుగానే గడిచింది. రెండో వారం కాళ్లు లాగాయి. కొత్త కదా, అంతేలే అనుకున్నారు. మూడో వారం వచ్చేసరికి మధ్యాహ్నం మూడింటికి ఆఫీసులో కళ్లు మూతలు పడుతున్నాయి. సాయంత్రం ఇంటికొస్తే పిల్లలు పలకరించినా విసుగు. రాత్రి పడుకుంటే సరిగ్గా నిద్ర పట్టదు, పొద్దున్నే లేవబుద్ధి కాదు. ఒంట్లో సత్తువ పెరగాలని మొదలుపెట్టిన పని ఉన్న సత్తువను కూడా తోడేస్తున్నట్టుంది.

ఈ మాట ఎవరికైనా చెప్పి చూడండి. రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. జిమ్‌లో చెబితే, ‘‘కొత్తలో అంతే సార్, ఓర్చుకోండి. ఇప్పుడు ఆపితే మళ్లీ మొదటికొస్తారు’’ అంటారు. ఇంట్లో చెబితే, ‘‘ఈ వయసులో ఎందుకండీ ఈ కుస్తీలు, హాయిగా పడుకోక’’ అంటారు. ఒకరు పంటి బిగువున లాగించమంటారు. ఇంకొకరు మానేయమంటారు. నా ఉద్దేశంలో రెండూ తప్పే. ఈ నీరసం దేనివల్ల అన్న అసలు ప్రశ్న ఇద్దరిలో ఎవరూ అడగడం లేదు.

వ్యాయామం మొదలుపెట్టాక రోజంతా వెంటాడే అలసటను బద్ధకం అని కొట్టిపారేయకూడదు. కష్టపడుతున్నామనడానికి గుర్తుగా చూసి మురిసిపోకూడదు కూడా. ఒంటి నుంచి మనం లాగుతున్నదానికీ, ఒంటికి ఇస్తున్నదానికీ లెక్క కుదరడం లేదని అది చెబుతోంది. లెక్క సరిచేస్తే చాలామందిలో రెండు మూడు వారాల్లో అలసట తగ్గుతుంది. సరిచేసినా తగ్గకపోతే, లోపల ముందునుంచే ఉన్న సమస్యను వ్యాయామం బయటపెట్టిందేమో చూసుకోవాలి.

మానేస్తే నష్టం ఎంత?

ఇదేమంత పెద్ద విషయమా అనిపించవచ్చు. పెద్దదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకులు 2024లో ప్రచురించిన అంచనా ప్రకారం, 2022 నాటికి మన దేశంలో పెద్దవాళ్లలో దాదాపు సగం మంది ఒంటికి కావాల్సినంత శ్రమ చేయడం లేదు. ఆడవాళ్లలో అది 57 శాతం. మరోపక్క పదికోట్ల మందికి పైగా మధుమేహంతో ఉన్న దేశం మనది. ఇలాంటిచోట ఒక మనిషి మంచం దిగి, బూట్లు కట్టుకుని బయటికొచ్చాడంటే అది చిన్న సంగతి కాదు.

అలా వచ్చిన మనిషి నెల తిరక్కుండానే ఇంటికి వెళ్లిపోతే పోయేది ఆ నెల జిమ్ ఫీజు ఒక్కటే కాదు. ‘వ్యాయామం నా ఒంటికి పడదు’ అన్న నమ్మకం మనసులో పాతుకుపోతుంది. ఆ తర్వాత షుగరొచ్చి డాక్టరు నడవమన్నా, మోకాళ్ల నొప్పులొచ్చి బరువు తగ్గమన్నా, ‘‘ఒకసారి చేసి చూశానండీ, పడలేదు’’ అనే జవాబే వస్తుంది. ఒక్క నెల తప్పుడు మొదలు ఇరవై ఏళ్లు వెంటాడుతుంది. అందుకే ‘ఓర్చుకో’ అన్న సలహాను నేను అంత తేలిగ్గా తీసుకోలేను.

నొప్పి వేరు, నీరసం వేరు

ముందు ఒక తేడా గుర్తించాలి. అలవాటు లేని పని చేస్తే కండరాలు నొప్పెడతాయి. గుంజీళ్లు తీసిన మర్నాడు మెట్లు దిగలేకపోవడం మనందరికీ అనుభవమే. ఈ నొప్పి సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ఎక్కువగా ఉండి, తర్వాత తనంతట తనే పోతుంది. పని చేసిన భాగానికే పరిమితమవుతుంది. దీనికి కంగారు పడనక్కర్లేదు. మొదటి ఒకటి రెండు వారాలు రాత్రి తొమ్మిదింటికే నిద్ర ముంచుకురావడం కూడా మామూలే. అది మంచిదే, పడుకోండి.

నీరసం అలా ఉండదు. అది ఒక కాలికో చేతికో కాదు, మనిషి మొత్తానికి పడుతుంది. రాత్రి పడుకుని లేచినా తీరదు. నిన్న తేలిగ్గా నడిచిన దూరం ఇవాళ బరువనిపిస్తుంది. చిరాకు, ఏకాగ్రత లేకపోవడం, ఆకలి మందగించడం, మాటిమాటికీ జలుబు చేయడం తోడవుతాయి. ఉదయం మంచం మీద ఉండగానే నాడి చూసుకుంటే రోజూ ఉండేదానికన్నా ఎనిమిది పది దెబ్బలు ఎక్కువగా కొట్టుకోవచ్చు. ఇవి రెండు వారాలు దాటి కొనసాగుతుంటే ‘కొత్తలో అంతే’ అన్న మాట ఇక చెల్లదు.

స్లాబ్ వేసి నీళ్లు పెట్టకపోతే..

ఇల్లు కట్టుకున్నవాళ్లకు తెలుసు. కాంక్రీటు పోయడం ఒక్కరోజు పని. మర్నాటి నుంచి స్లాబ్ మీద మడులు కట్టి, నీళ్లు నిలబెట్టి, రోజుల తరబడి తడుపుతారు. సెంట్రింగ్ అప్పుడే విప్పరు. పోసిన రోజు కాదు, తడిపిన రోజుల్లోనే స్లాబ్ గట్టిపడుతుంది.

ఒళ్లూ అంతే. వ్యాయామం చేసేటప్పుడు కండరం బలపడదు. అప్పుడు అది అలుస్తుంది, అక్కడక్కడా అతి చిన్న దెబ్బలు తింటుంది, దాచుకున్న ఇంధనం ఖర్చుచేస్తుంది. తర్వాత మనం తిన్న తిండితో, పోయిన నిద్రలో ఆ దెబ్బలు మానుతూ ఇంతకుముందుకంటే కాస్త గట్టిపడుతుంది. కండరాల కంటే వాటిని ఎముకలకు కలిపే నరాల్లాంటి కట్లు ఇంకా నెమ్మదిగా అలవాటు పడతాయి. అంటే వ్యాయామం అడిగేది మాత్రమే. ఇచ్చేవి తిండి, విశ్రాంతి. రోజూ అడుగుతూ ఎప్పుడూ ఇవ్వకపోతే ఏమవుతుంది? నీళ్లు పట్టని స్లాబుకు బీటలు పడ్డట్టే అవుతుంది.

సోమవారం నాటి మూడు తప్పులు

మన దగ్గర వ్యాయామం ఎప్పుడూ ఒంటరిగా మొదలు కాదు. జనవరి ఒకటినో, పుట్టినరోజునో, రక్తపరీక్ష రిపోర్టు చేతికొచ్చిన మర్నాటి సోమవారమో, అన్నీ కలిపి మొదలవుతాయి. జిమ్‌లో చేరడం, పెందలాడే లేవడం, అన్నం మానేయడం, అన్నీ ఒకేరోజు. అదే అసలు చిక్కు.

మొదటి తప్పు నిద్రలో. ఇదివరకు రాత్రి పన్నెండుకు పడుకుని ఏడింటికి లేచేవాళ్లు. ఇప్పుడు ఐదింటికి లేస్తున్నారు. పడుకోవడం మాత్రం పన్నెండుకే. రోజుకు రెండు గంటలు, వారంలో ఆరు రోజులకు పన్నెండు గంటలు. అంటే ప్రతివారం ఒకటిన్నర రాత్రికి పైగా నిద్ర అప్పు పెట్టుకుంటున్నారు. పెద్దవాళ్లకు కనీసం ఏడు గంటల నిద్ర కావాలి. కొత్తగా శ్రమ పెంచినవాళ్లకు ఇంకాస్త ఎక్కువ కావాలే గానీ తగ్గకూడదు. రాత్రి పదింటికి భోజనం చేసి, పదకొండున్నర దాకా ఫోను చూసి, పొద్దున ఐదింటికి పరుగెత్తే మనిషికి నీరసం రావడంలో వింతేముంది? నన్నడిగితే, పడుకునే వేళ మార్చలేనివాళ్లు లేచే వేళ మార్చకూడదు. ఐదు గంటల నిద్రతో చేసే పొద్దుటి పరుగు కన్నా ఏడు గంటలు పడుకుని సాయంత్రం చేసే నడక మేలు.

రెండో తప్పు తిండిలో. బరువు తగ్గాలన్న ఆత్రంతో రాత్రి భోజనం రద్దు. పొద్దున రెండు ఇడ్లీలు. మధ్యాహ్నం అన్నం బదులు కీరా ముక్కలు. బండి ఎక్కువ దూరం నడపడం మొదలుపెట్టిన వారమే పెట్రోలు పోయించడం సగానికి తగ్గించినట్టు. క్రీడాకారుల్లో ఇలా శ్రమకు తగ్గ తిండి తినకపోవడం వల్ల వచ్చే చేటును అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో ప్రత్యేకంగా ఒక ఆరోగ్య సమస్యగా పేరుపెట్టి హెచ్చరించింది. అలసట, నెలసరి తప్పడం, ఎముకలు బలహీనపడటం దాని లక్షణాలు. అది పతకాల కోసం పోటీపడేవాళ్ల గోలేలే అనుకోవద్దు. రెండు పూటలు తిని గంటన్నర జిమ్ చేసేవాళ్లకూ అదే సూత్రం వర్తిస్తుంది.

మన తిండిలో మాంసకృత్తుల లెక్క కూడా చూసుకోవాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సుల ప్రకారం ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లకు రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. అరవై కిలోల మనిషికి సుమారు 50 గ్రాములు. గుడ్డుకు ఆరు గ్రాములు, గ్లాసు పాలకు ఆరేడు గ్రాములు వస్తాయి. నీళ్ల చారు, పచ్చడి, పెరుగన్నంతో రోజు గడిపేవాళ్లు ఆ లెక్కకు చేరడం కష్టం. పప్పు చిక్కగా ఉండాలి. శనగలు, పెసలు, పల్లీలు, గుడ్డు, చేప, పాలు, పెరుగుల్లో ఏదో ఒకటి పూటపూటా ఉండాలి. దీనికి వేలు పోసి డబ్బా పొడులు కొననక్కర్లేదు.

మూడో తప్పు మోతాదులో. ఇరవై ఏళ్లు కుర్చీలో కూర్చున్న ఒంటిని వారంలో ఆరు రోజులు, రోజుకు గంటన్నర చొప్పున పరుగెత్తించడం. పక్కన పాతికేళ్ల కుర్రాడు ఎత్తుతున్న బరువే ఎత్తాలనుకోవడం. ట్రైనర్ ‘‘ఇంకో సెట్, ఇంకొక్కటి’’ అంటుంటే మొహమాటానికి కాదనలేకపోవడం.

తేలిగ్గా చేసినవాళ్లే తేరుకున్నారు

గట్టిగా చేస్తేనే ఫలితం అన్నది మనలో బాగా నాటుకుపోయిన నమ్మకం. కానీ అలసట విషయంలో సాక్ష్యం వేరుగా ఉంది. అమెరికాలోని జార్జియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2008లో ఒక చిన్న అధ్యయనం ప్రచురించారు. ఎప్పుడూ అలసటగా ఉంటోందని చెప్పే, వ్యాయామం అలవాటు లేని 36 మంది యువతీయువకులను మూడు జట్లు చేశారు. ఒక జట్టు వారానికి మూడుసార్లు, ఇరవై నిమిషాల చొప్పున మోస్తరు జోరుతో సైకిల్ తొక్కింది. రెండో జట్టు అంతే సేపు చాలా తేలిగ్గా తొక్కింది. మూడో జట్టు తొక్కనే లేదు. ఆరు వారాల తర్వాత చూస్తే తొక్కిన రెండు జట్లలోనూ ఉత్సాహం సుమారు 20 శాతం పెరిగింది. అలసట మాత్రం మోస్తరుగా తొక్కినవాళ్లలో 49 శాతం తగ్గితే, తేలిగ్గా తొక్కినవాళ్లలో 65 శాతం తగ్గింది. చిన్న అధ్యయనమే కాబట్టి దీన్నే వేదంగా తీసుకోనక్కర్లేదు. కానీ అలసినవాళ్లకు వ్యాయామం మందేనని, ఆ మందుకూ మోతాదు ఉంటుందని చెప్పడానికి ఇది చాలు.

దూరపు పరుగు, సైక్లింగ్ వంటి క్రీడల్లో ప్రపంచస్థాయికి చేరినవాళ్ల సాధన చూసినా ఇదే కనిపిస్తుంది. వాళ్లు చేసేదాంట్లో దాదాపు 80 శాతం తేలికపాటి జోరులోనే ఉంటుంది. రొప్పుతూ చేసేది కొద్దిభాగమే. వాళ్లకే అలా సరిపోతుంటే, మొన్ననే మొదలుపెట్టిన మనం రోజూ రొప్పాల్సిన పనేముంది?

మీ జోరు ఎంతుందో తెలుసుకోవడానికి చేతికి ఖరీదైన వాచీ అక్కర్లేదు. నడుస్తూ పక్కవాళ్లతో పూర్తి వాక్యాల్లో మాట్లాడగలుగుతున్నారా? అది సరైన జోరు. రెండు మాటలకోసారి ఊపిరి అందక ఆగుతున్నారా? తగ్గించండి. పాట పాడగలిగేంత తీరిగ్గా ఉన్నారా? కాస్త పెంచవచ్చు.

పదివేల అడుగుల లెక్క కూడా కొంచెం పక్కన పెట్టండి. అది వైద్యులు తేల్చిన అంకె కాదు. 1964 టోక్యో ఒలింపిక్స్ తర్వాత, 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగులు లెక్కపెట్టే పరికరం పేరు ‘మాన్‌పో-కే’. అంటే పదివేల అడుగుల మీటరు. ఆ పేరే లోకమంతా లక్ష్యమై కూర్చుంది. 2019లో అమెరికాలో వయసు మళ్లిన ఆడవాళ్ల మీద వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో, రోజుకు 2,700 అడుగులు వేసినవాళ్ల కంటే 4,400 అడుగులు వేసినవాళ్లలోనే మరణాలు తక్కువగా కనిపించాయి. 7,500 దాటాక అదనపు లాభం పెద్దగా కనిపించలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది కూడా వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు శ్రమ, రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం. వారానికి 150 నిమిషాలంటే రోజుకు అరగంట, అదీ ఐదు రోజులు. మొదటి నెలలోనే అక్కడికి చేరాలన్న నియమమూ లేదు.

ఆమె రెండో డ్యూటీ

ఆడవాళ్ల అలసట గురించి విడిగా చెప్పాలి. ఐదింటికి లేచి నడిచొచ్చిన ఇల్లాలు బూట్లు విప్పగానే స్టవ్ దగ్గరకు వెళుతుంది. టిఫిన్, నాలుగు డబ్బాలు, పిల్లల జడలు, స్కూలు బస్సు. తర్వాత ఆఫీసు. సాయంత్రం మళ్లీ వంటిల్లు. తాను టిఫిన్ తినేసరికి పదిన్నర. ఈమెకు ‘శ్రమ తర్వాత విశ్రాంతి’ ఎక్కడుంది? ఈ మనిషి నీరసంగా ఉందంటే ఆమెకు పట్టుదల లేదని కాదు, ఆమె రోజులో ఖాళీ లేదని. ఇంట్లోవాళ్లు నిజంగా ఆమె ఆరోగ్యం కోరేవాళ్లయితే స్పోర్ట్స్ షూలు కొనివ్వడంతో సరిపెట్టకండి. ఆమె నడిచొచ్చేసరికి డబ్బాలు సర్ది ఉంచండి.

దీనికి తోడు రక్తహీనత. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అంటే మీ కాలనీ వాకింగ్ గ్రూపులో పదిమంది ఆడవాళ్లుంటే వాళ్లలో ఐదారుగురికి రక్తం తక్కువగా ఉండే అవకాశముంది. ఒంట్లో ప్రతి మూలకూ ప్రాణవాయువు మోసేది హిమోగ్లోబిన్. గర్భం లేని ఆడవాళ్లలో అది 12 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనత అంటారు. తొమ్మిదో పదో ఉన్న మనిషిని ‘ఇంకో రౌండ్ వేయండి’ అనడం సగం లారీలతో పూర్తి సరుకు తోలమనడమే. అలాంటివాళ్లు గుండె దడ, ఆయాసం, తలతిరుగుడుతో మానేస్తారు. తప్పు తమదే అనుకుంటారు.

తోటకూర, పప్పులు, మాంసాహారం, వాటితోపాటు నిమ్మరసం మేలే చేస్తాయి. భోజనంతోపాటు టీ తాగితే ఇనుము ఒంటికి సరిగా పట్టదు, కనీసం గంట ఎడం ఉంచాలి. అయితే రక్తం బాగా తగ్గినప్పుడు తిండి ఒక్కటే చాలదు. డాక్టరు రాసిన మాత్రలు నెలల తరబడి వాడాలి. నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా ఉంటే ఆ సంగతీ చెప్పాలి. కారణం వదిలేసి మాత్రలు మింగితే కుండకు చిల్లు ఉంచి నీళ్లు పోసినట్టే.

నలభై దాటినవాళ్లు, మందులు వాడేవాళ్లు

నిద్ర, తిండి, మోతాదు మూడూ సరిచేసుకుని రెండు మూడు వారాలు చూశారు. అయినా నీరసం పోలేదు. అప్పుడు పరీక్షలు అవసరం. రక్తపరీక్ష, షుగర్, థైరాయిడ్, విటమిన్ బి12, విటమిన్ డి. వీటిలో మీకు ఏవి కావాలో డాక్టరు చెబుతారు. థైరాయిడ్ మందగించినవాళ్లకు ఎంత పడుకున్నా మత్తు వదలదు. బి12 లోపం శాకాహారుల్లోనూ, షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలోనూ ఎక్కువ. గట్టిగా గురకపెట్టి, మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచేవాళ్లకు ఎనిమిది గంటలు పడుకున్నా నిద్ర పోయినట్టు కాదు. డెంగీ, టైఫాయిడ్ వంటి జ్వరాలు వచ్చి తగ్గినవాళ్లకు పాత సత్తువ రావడానికి వారాలు పడుతుంది. జ్వరం తగ్గిన మర్నాడే జిమ్‌కు పరుగెత్తకూడదు.

షుగరుకు ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వంటివి వాడేవాళ్లు పరగడుపున గంటసేపు నడిస్తే చక్కెర మరీ పడిపోవచ్చు. చెమటలు, వణుకు, నిస్సత్తువ వచ్చేది అందుకే కావచ్చు. నడకకు ముందు ఏం తినాలి, మందు మోతాదు మార్చాలా అన్నది డాక్టరుతో తేల్చుకోండి. జేబులో నాలుగు చక్కెర బిళ్లలో, గ్లూకోజ్ పొట్లమో ఉంచుకోండి. బీపీకి, గుండెకు ఇచ్చే అటెనోలాల్, మెటోప్రొలాల్ వంటి మందులు గుండె వేగాన్ని అదుపులో ఉంచుతాయి. అవి వాడేవాళ్లకు వాచీలో చూపే గుండె వేగం లక్ష్యం ఎంత ఆయాసపడ్డా అందదు. దాన్ని వెంబడించవద్దు. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలతో కొందరికి కండరాల నొప్పులు వస్తాయి. వీటిలో ఏదీ మీ అంతట మీరు ఆపేయడానికి కారణం కాదు. డాక్టరుకు చెప్పడానికి కారణం.

కొన్ని లక్షణాలకు రెండు వారాల గడువు కూడా ఇవ్వకూడదు. నడుస్తుంటే ఛాతీలో బరువు, నొప్పి దవడకో చేతికో పాకడం, చల్లటి చెమటలు, ముందెన్నడూ లేని ఆయాసం, కళ్లు తిరిగి పడిపోవడం వంటివి కనిపిస్తే వెంటనే ఆపేసి 108కి ఫోన్ చేయాలి. ఆడవాళ్లలో, షుగరు ఉన్నవాళ్లలో ఛాతీ నొప్పి లేకుండానే విపరీతమైన నిస్సత్తువ, ఆయాసం రూపంలో గుండె జబ్బు బయటపడవచ్చు. మొదటిరోజే శక్తికి మించి చేశాక కండరాలు వాచి, మూత్రం కోలా రంగులో వస్తే అది కండరం దెబ్బతిని మూత్రపిండాలకు ముప్పు తెచ్చే పరిస్థితి కావచ్చు. ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి.

అయితే బద్ధకస్తులకు ఇదో సాకు కాదా?

ఈ మాట తప్పకుండా వస్తుంది. ‘‘మీరిలా రాస్తే మావాడు రేపటి నుంచే ముసుగు తన్నేస్తాడు’’ అని. న్యాయమైన అనుమానమే. బద్ధకం లేదని నేననను. అందరికీ ఉంటుంది. కానీ బద్ధకాన్నీ నీరసాన్నీ విడదీసే తేలికైన పరీక్ష ఒకటుంది. బూట్లు కట్టుకుని పది నిమిషాలు నెమ్మదిగా నడవండి. పది నిమిషాలయ్యేసరికి ఒళ్లు తేలికై, ఇంకాస్త నడవాలనిపిస్తే అది బద్ధకం. వదిలిపోయింది, కొనసాగించండి. పది నిమిషాల తర్వాత ఇంకా బరువెక్కితే అది అలసట. మనస్తాపం లేకుండా ఇంటికి వచ్చేయండి. ఆ రోజు విశ్రాంతే మీ వ్యాయామం.

ఇక లెక్క సరిచేసుకునే పద్ధతి. మానేయకండి, సగం చేయండి. గంటన్నర చేస్తుంటే ముప్పావుగంట, ఆరు రోజులైతే నాలుగు. బరువులెత్తిన మర్నాడు నడక మాత్రమే. రెండు వారాలు ఇలా చేశాక, బాగుందనిపిస్తేనే వారానికి పదో వంతు చొప్పున పెంచండి. నడకకు అరగంట ముందు ఒక అరటిపండు, వచ్చాక గంటలోపు మంచి టిఫిన్. ఎండాకాలంలో మన ఊళ్లలో ఉదయం ఏడున్నరకే ఉక్కపోత మొదలవుతుంది కాబట్టి నీళ్లు, మజ్జిగ మరవకండి. బరువు తగ్గాలనుకుంటే తిండి కోత రెండో నెలకు వాయిదా వేయండి. ముందు ఒంటిని కదలికకు అలవాటు పడనివ్వండి. ఒక నోటుపుస్తకంలో రోజూ మూడు అంకెలు రాయండి: ఎన్ని గంటలు పడుకున్నారు, లేవగానే నాడి ఎంత, మధ్యాహ్నం మూడింటికి ఓపిక పదికి ఎన్ని మార్కులు. మూడు వారాల తర్వాత ఆ పేజీ మీకూ, అవసరమైతే మీ డాక్టరుకూ చాలా చెబుతుంది.

జిమ్‌లు నడిపేవాళ్లను కూడా ఒకటి అడగాలి. చేరేరోజు బరువు, నడుము కొలత తీసుకుంటారు, ఫీజు తీసుకుంటారు. అదేరోజు నాలుగు ప్రశ్నలు ఎందుకు అడగరు? రాత్రి ఎన్ని గంటలు పడుకుంటున్నారు, రోజుకు ఎన్నిసార్లు తింటున్నారు, ఏ మందులు వాడుతున్నారు, ఈమధ్య రక్తపరీక్ష చేయించుకున్నారా? ఐదు నిమిషాల పని. నెల తిరిగేసరికి మాయమయ్యే సభ్యుల్లో కొందరైనా మిగులుతారు. అడుగుల పోటీలు పెట్టే ఆఫీసులకూ ఇదే మాట. రాత్రి పదకొండు దాకా మీటింగులు పెట్టి, పొద్దున్నే పదివేల అడుగులు వేసినవాళ్లకు బహుమతి ఇవ్వడం ఆరోగ్య కార్యక్రమం అనిపించుకోదు.

మీరు మాత్రం రేపటి కోసం ఎవరి అనుమతీ అడగనక్కర్లేదు. పొద్దుటి అలారం ఎలాగూ పెట్టే ఉంచారు. ఈ రాత్రి పదింటికి ఇంకొకటి పెట్టుకోండి, పడుకోవడానికి.